సలోమి టీచర్‌కు సరిపోయే బూట్లు

తిరుమలగిరిలో ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పే సలోమి టీచర్‌కు ఆమె తమ్ముడు యేసురాజు తన బుల్లెట్ బండి అప్పగించి, బదిలీ మీద విశాఖపట్నం వెళ్లాడు. అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి ఉంచమన్నాడు, అంతే. ఆమె మాత్రం వేసవి సెలవులన్నీ బడి మైదానంలో చక్కర్లు కొట్టి బండి నడపడం నేర్చేసుకుంది.

ఆమె భర్త దేవసహాయం రైల్వే ఆఫీసులో గుమాస్తా. సైకిలు మీద వెళ్లినా దిగి, నడిపించుకుంటూ రోడ్డు దాటే మనిషి. వద్దంటే భార్య వినదని ఆయనకు తెలుసు. అందుకని వద్దనలేదు. హెల్మెట్ ఒక్కటే చాలదనీ, చేతులకు గ్లౌజులూ కాళ్లకు బూట్లూ లేనిదే రోడ్డెక్కకూడదనీ పట్టుబట్టాడు. సలోమివి చిన్నపిల్లల చేతులు, చిన్నపిల్లల పాదాలు. ఆ రోజుల్లో దుకాణాల్లో దొరికేవన్నీ మగవాళ్ల సైజులు. ఆమెకు సరిపోయేవి దొరకవన్న ధీమాతోనే శనివారం ఆమెను వెంటబెట్టుకుని రాణిగంజ్‌లో బండి సామాన్ల దుకాణానికి వెళ్లాడు.

దుకాణం యజమాని పేరు బ్రహ్మచారి. ఆయన మొదట దేవసహాయం కాళ్ల వంకే చూశాడు. బండి నడిపేది ఈవిడని తెలిశాక, "జెర కష్టమే మేడమ్, చూద్దాం" అన్నాడు.

మొదటి గ్లౌజుల్లో వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడాయి. రెండో జత ఎంత మందమంటే, తాళంచెవి పట్టుకోబోతే జారి కింద పడింది. బూటు తొడిగి అడుగు వేయబోతే కాలు ముందుకొచ్చింది, బూటు అక్కడే నిలబడింది. దేవసహాయం నవ్వు దాచుకుంటూ, ప్రాప్తం లేదంటూ లేచాడు.

సలోమి లేవలేదు. అటక మీద ఏమున్నాయని అడిగింది. బ్రహ్మచారి నిచ్చెనెక్కి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించాడు.

"ఒకాయన కొడుక్కని తెప్పించిండు మేడమ్. మాల్ వచ్చేసరికి పిల్లగాని కాలు పెరిగింది."

అందులో గ్లౌజులూ ఉన్నాయి, చీలమండ దాటి వచ్చే ఎర్రటి బూట్లూ ఉన్నాయి. సలోమి బూట్లు తొడుక్కుని డ్రిల్లు క్లాసులోలాగా గెంతింది, గొంతుక్కూర్చుని లేచింది. బ్రహ్మచారి బండి బయట ఉంటే, అదెక్కి గేరు తొక్కి చూసింది. మళ్లీ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుని, గ్లౌజు వేసుకుని, మణికట్టు పట్టీ బిగించి, లాగమని భర్తకు చెయ్యి చాపింది. ఆయన బలమంతా పెట్టి లాగాడు. గ్లౌజు ఊడలేదు. సలోమే స్టూలుతో సహా ఆయన మీదికి వచ్చింది.

"ఎర్ర బూట్లు టీచర్‌కు ఏం బాగుంటయ్?" అన్నాడు ఆయన, చివరి ఆశగా.

"పడితే కాపాడేది తోలు, రంగు కాదండీ" అంది సలోమి. తర్వాత బ్రహ్మచారి వైపు తిరిగి, "అన్నా, వెనక కూర్చునేవాళ్లకు సుత ఒక జత చూపించు" అంది.

వెనక ఎవరు కూర్చుంటారని దేవసహాయం అడిగేలోపే బ్రహ్మచారి ఆయన పాదం కొలవడం షురూ చేశాడు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఇద్దరూ శామీర్‌పేట వైపు బయల్దేరారు. అల్వాల్ దాటేదాకా దేవసహాయం కళ్లు తెరవలేదు. తెరిచాక పొలాలు చూశాడు, చెరువు చూశాడు, నల్లగా మెరుస్తున్న తన కొత్త బూట్లు చాలాసేపు చూసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరపడుతుంటే భార్య భుజం తట్టాడు.

"సలోమీ, జెర మెల్లగ పోనియ్."

భయమేస్తోందా అని అడిగింది ఆమె.

"భయం కాదు. మా ఆఫీసోళ్లు ఎవరన్నా ఉంటే నా బూట్లు చూస్తరని."