గుమ్మడికాయ మోసుకొచ్చిన పిల్ల

సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. వంటగదిలోంచి నీటి ఒడ్డుకి దిగేవాళ్ళు ఖాళీ చేతులతో దిగకూడదు. ఒడ్డు నుంచి పైకొచ్చేవాళ్ళు ఖాళీ చేతులతో రాకూడదు. ఇల్లేమో గట్టు మీద, భోజనాల బల్లేమో నీళ్ళ పక్కన. రెండింటికీ మధ్య వంకరలు పోయే మట్టిదారి. బల్ల పైనే వేసుకుంటే ఈ మోత తప్పేది కదా అని మా ఆయన అడిగాడు. ఆ ఇల్లూ బల్లా తన చేత్తోనే చేసుకున్న వడ్రంగి అన్నయ్య ఏమాత్రం తడుముకోలేదు. నీళ్ళ పక్కన కూచుంటే రెండు ముద్దలు ఎక్కువ తింటారట, మోసుకుంటూ దిగితే ఇంకో రెండు.

అన్నయ్య, మా ఆయన చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నారు. అన్నయ్య భార్య నర్సు. ఆమెను నేను అక్కా అంటాను. ప్రతి ఏడూ రమ్మనేవారు, ప్రతి ఏడూ నేనేదో సాకు చెప్పేదాన్ని. ఈసారి ఆకులు రాలే కాలం రాగానే, మీరు రాకపోతే మేమే వచ్చి మూటగట్టి తీసుకుపోతాం అని కబురు చేశారు. తీరా వెళ్ళాక చూద్దును కదా, వాళ్ళ పడకగది మాకిచ్చేసి వాళ్ళు వరండాలో పక్కలేసుకున్నారు. నా చెప్పులు బురదలో తడిస్తే అక్క తన చెప్పులు నాకిచ్చి, తను రబ్బరు బూట్లలో టపటపా తిరిగింది. దుప్పటి పలచగా ఉందని నేను మనసులో అనుకున్నానో లేదో, ఇంకోటి వచ్చి పడింది. వాళ్ళ ముందు ఏదైనా అనుకోవాలన్నా భయమే.

భయమంటే గుర్తొచ్చింది. నాకు భయం ఎక్కువ. ఈ మాట మా అత్తగారు అన్నప్పుడు ఒళ్ళు మండుతుంది గానీ, నిజం నిజమే. నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. అద్దాల పెట్టెలో, నా అరచేతికి సరిపోయేంత ఉండేది. అందుకే పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టాం, అదే స్థిరపడింది. నర్సులు చేతులు పెట్టే కంతలోంచి నేను వేలు లోపలికి పెడితే గట్టిగా పట్టుకునేది. ఆ పట్టుకున్న వేలు ఇప్పటిదాకా వదల్లేదు. నాలుగో ఏడు నడుస్తోంది. నా వేలు అందితే పరిగెత్తుతుంది కూడా. వేలు తీసేస్తే ఉన్నచోటే కూలబడుతుంది. డాక్టరు మోకాళ్ళు తట్టి చూసి కాళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు. "నీ వేలే దానికి మూడో కాలు అమ్మా" అని కూడా అన్నాడు. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు.

బడిలో పెద్ద టీచరు ఇంకా సూటిగా చెప్పింది. పిల్లల్ని చూసుకునే ఆయమ్మకి ఉన్నవి రెండు చేతులు, పిల్లలేమో గదినిండా. సెలవులయ్యాక తీసుకురండి, తనంతట తాను గుమ్మం దాటి లోపలికొస్తే చేర్చుకుంటాం, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం అంది. వచ్చే ఏడు అనే మాట నాకు కొత్త కాదు. అమ్మకి ఒంట్లో బాగోక నన్ను తొమ్మిదో తరగతిలో బడి మానిపించినప్పుడు అందరూ చెప్పింది ఆ మాటే. వచ్చే ఏడు పంపిద్దాంలే అన్నారు. ఆ ఏడు ఇంకా రాలేదు.

ఇప్పుడు నేను ఇంట్లో మిషను పెట్టుకుని ఊళ్ళో పిల్లలకి బడి గౌన్లు కుడతాను. పిచ్చుకకీ ఒకటి కుట్టాను. కాలరు, జేబులు, గుండీలు అన్నీ అయ్యాయి. అంచు మాత్రం మడవలేదు. అంచు కొలవాలంటే పిల్ల నిటారుగా నిలబడాలి. ఇది నన్ను పట్టుకుని నిలబడితే ఒక భుజం వాలిపోయి గౌను ఒక పక్క పైకి లేస్తుంది. ఆ గౌనునీ గుండుసూదుల డబ్బానీ సంచిలో అడుగున పెట్టి తెచ్చాను.

మొదటిరోజు భోజనానికి దిగేటప్పుడు నా ఎడమచేతిలో నీళ్ళ కూజా, కుడిచేతి వేలికి పిచ్చుక. దారి పొడవునా ఎర్రని ఆకులు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. ఇక్కడ జారుతుంది, అక్కడ వేరు తగులుతుంది, నీళ్ళవైపు చూడకు అంటూ జపంలా చెప్పుకుంటూ దిగాను. కింద బెంచీ సర్దుతున్న అన్నయ్య తల పైకెత్తాడు.

"ఒక చేతికి సెలవిచ్చావేం చెల్లెమ్మా?"

"ఆ చేతికే కదా అన్నయ్యా అసలు బరువు" అన్నాను. నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకది నవ్వులాట కాదు.

మర్నాడు అక్క పిచ్చుకకి ఒక గరిటె ఇచ్చింది. ఈ ఇంట్లో చిన్నా పెద్దా లేదు, అందరూ మొయ్యాల్సిందే అంది. పిచ్చుక ఒక చేత్తో గరిటె పట్టుకుంది, రెండో చేత్తో నా వేలు. అక్క అది చూసింది. తర్వాత గిన్నెలు తోముతూ, కొందరు పిల్లలకి భయం తల్లిపాలతో వస్తుందేమో అని గోడతో అన్నట్టు అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గబగబా నా వేలు కొంగుకి తుడుచుకున్నాను. అక్క మాట అంత మెత్తగా ఉంటుంది, కానీ చేరాల్సిన చోటికి చేరుతుంది.

తిరుగుప్రయాణానికి ముందు రోజు. పొద్దున్నుంచి సరస్సు మీద పరుచుకున్న మంచు విడిపోయి ఎండ కాసింది. ఇంటి వెనక తీగకి చివరగా మిగిలిన గుమ్మడికాయని కోసి గుమ్మం పక్కన పెట్టారు. చిన్నదే, ముంత అంత. దాన్ని చెక్కి నీ బొమ్మకి పడవ చేసిస్తానని అన్నయ్య పిచ్చుకకి మాటిచ్చాడు. అప్పట్నుంచి దాని నోట పడవ తప్ప ఇంకో మాట లేదు. మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ వరండాలోని పొడుగు బెంచీని చెరో పక్కా పట్టుకుని కిందికి బయల్దేరారు. అక్క కూరగిన్నె పొయ్యి మీంచి దించి, రెండు పక్కలా గుడ్డలు చుట్టి నా చేతికిచ్చింది. తను పళ్ళేల దొంతర ఎత్తుకుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, పళ్ళేలు ఒక చేతికి మార్చుకుని, ఆ గుమ్మడికాయ తీసి పిచ్చుక చేతుల్లో పెట్టింది.

"ఇది మీ మావయ్యకి ఇవ్వాలి. పడితే పగులుతుంది, పగిలితే పడవ లేదు."

అంతే. వెళ్ళిపోయింది. గుమ్మంలో నేను, పిచ్చుక మిగిలాం.

"అమ్మా, వేలు" అంది.

నా పక్కనే గోడకి అరుగు ఉంది. గిన్నె అక్కడ పెట్టడం ఎంతసేపు. పెట్టి వేలు ఇవ్వొచ్చు, పిల్లని దింపి మళ్ళీ వచ్చి గిన్నె తీసుకెళ్ళొచ్చు. చేతులు అరుగువైపు సగం వెళ్ళాయి కూడా. అప్పుడు ఎందుకో సంచి అడుగున ఉన్న గౌను గుర్తొచ్చింది, అంచు లేని గౌను.

"నాకు చేతులు ఖాళీ లేవే" అన్నాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది.

పిచ్చుక నా రెండు చేతులూ చూసింది. తన రెండు చేతులూ చూసుకుంది. గుమ్మడికాయని ఒక చంకలోకి ఇరికించబోయింది, అది జారింది. గబుక్కున రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. కాసేపు ఆలోచించింది. తర్వాత గుమ్మం దిగింది.

నేను వెనకే నడిచాను. గిన్నె వేడి గుడ్డలు దాటి అరచేతులకి తగులుతోంది. చూసుకో, జారుతుంది అనే మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. పళ్ళు బిగబట్టాను. పిల్ల కాళ్ళకేసి చూడటం లేదు, నీళ్ళకేసి చూడటం లేదు, దాని చూపంతా గుమ్మడికాయ మీదే. మొదటి మలుపు తిరిగింది. వేరు అడ్డొచ్చిన చోట కాలు తగిలి దబ్బున కూలబడింది.

నా ప్రాణం అరచేతుల్లోకి వచ్చింది. గిన్నె ఊగి కూర పులుసు నా మణికట్టు మీద ఒలికింది. వదల్లేదు. పిచ్చుక ముందు గుమ్మడికాయని అటూ ఇటూ తిప్పి చూసింది. పగల్లేదు. మోకాళ్ళ మీద లేచి, కాయని నేల మీద పెట్టి, నిలబడి, వంగి మళ్ళీ ఎత్తుకుంది. నావైపు తిరిగి కూడా చూడలేదు.

కింద మగవాళ్ళు బెంచీ దించబోతూ దించకుండా ఆగిపోయారు. మా ఆయన ఒక కొస, అన్నయ్య ఒక కొస, బెంచీ గాల్లో. అక్క పళ్ళేలు పట్టుకుని అలాగే నిలబడింది. మా ఆయన కళ్ళు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు పాపం.

పిచ్చుక తిన్నగా అన్నయ్య దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఇదిగో. బరువుగా ఉంది."

అన్నయ్య అప్పుడు బెంచీ దించాడు. పెద్ద సామాను అందుకుంటున్నట్టు రెండు చేతులా కాయ అందుకున్నాడు. "ఇంత ఆలస్యమైందేం?" అన్నాడు.

"అమ్మ మెల్లగా నడిచింది" అంది పిచ్చుక.

అంతే, అందరం ఒక్కసారి నవ్వాం. నేను గిన్నె బల్ల మీద పెట్టి, బెంచీ మీద కూలబడ్డాను. మా ఇంట్లో కూలబడే వంతు నాకు వచ్చిందన్నమాట. అక్క నా చేయి చన్నీళ్ళలో పెట్టి, ఏడిస్తే ఏడువు గానీ కూర చల్లారిపోతుంది అంది. కావాలనే చేశావా అక్కా అని అడిగాను. మా ఇంట్లో అందరికీ ఇచ్చినట్టే ఇచ్చాను, ఎక్కువా తక్కువా లేదు అంది.

ఆ మధ్యాహ్నమంతా పిచ్చుకని ఆపడం ఎవరి వల్లా కాలేదు. చెంచా కిందికి తెచ్చింది, అదే చెంచా పైకి తీసుకెళ్ళింది. గుప్పెడు ఆకులు, ఒక రాయి, అక్క రబ్బరు బూటు ఒకటి, ఇలా దొరికిందల్లా మోసింది. ఇంకోసారి పడింది, ఏడ్చింది, ఏడుస్తూనే లేచింది. మా ఆయన ఆపుదామా అన్నట్టు నా వంక చూశాడు. పోనివ్వండి అన్నాను. ఆ మాట నా నోట విని అన్నయ్య గుమ్మడికాయ చెక్కుతున్న ఉలిని ఆపి మరీ నావైపు చూశాడు. పడవ మాత్రం ఒక పక్కకి ఒరిగి తేలింది. వడ్రంగివై ఉండి ఇదేం పనితనం అని మా ఆయన ఏడిపించాడు. బొమ్మ బరువు ఎక్కువ, అది మీ ఇంటి పోలిక అన్నాడు అన్నయ్య.

సాయంత్రం ఎండ వాలకముందే సంచి విప్పి గౌను తీశాను. పిచ్చుకకి తొడిగి భోజనాల బల్ల మీద నిలబెట్టి, గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకున్నాను. కదలకు అని చెప్పాల్సిన పని లేకపోయింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, సరస్సంతా తనదే అన్నట్టు నిలబడింది. భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. అంచు చుట్టూ సూదులు గుచ్చుకుంటూ వచ్చాను. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి రెండు మడతలూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయి. ఎంతమంది పిల్లలకి అంచులు మడిచానో లెక్కలేదు గానీ, సూదులు నోట్లో ఉండగా నవ్వితే పెదవికి గుచ్చుకుంటాయని ఆ రోజే తెలిసింది.

మర్నాడు బయల్దేరేటప్పుడు అక్క ఇచ్చిన పళ్ళ బుట్టలూ సీసాలూ బండి దాకా తీసుకెళ్ళడానికి మా ఆయన రెండుసార్లు తిరిగాడు. పిచ్చుక గుమ్మడికాయ పడవని గుండెకి హత్తుకుని అందరికంటే ముందు నడుస్తోంది. నేను దాని వెనకాల, దూరంగా.

అన్నయ్య గుమ్మంలోంచి చూసి పిలిచాడు. "ఏం చెల్లెమ్మా, మా ఇంటి చట్టం మర్చిపోయావా? చేతులు ఊపుకుంటూ పోతున్నావు?"

నేను నా చేతులు చూసుకున్నాను. కుడి చేతి వేలు తేలిగ్గా, కొత్తగా ఉంది.

"ఈ ఒక్కసారికి ఊపుకుంటూ పోనివ్వు అన్నయ్యా" అన్నాను. ఊపుకుంటూనే బండి దాకా నడిచాను.