మిసెస్ లక్ష్మీపతి

విజేత అనే అమ్మాయి రాసిన వ్యాసం మొదటి పేజీలో వేస్తున్నారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. మస్కట్‌లో మా తెలుగు సంఘం ఏటా తెచ్చే ఉగాది సంచికలో ఏడేళ్ళుగా ఆ పేజీ నాది. ఈవిడ వచ్చి రెండేళ్ళు కాలేదు. ఖురం ప్రాంతంలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చిన నాయనమ్మ, పైగా వ్యాసాలు. ఎప్పుడు రాస్తుందో ఏమో! "శేషుకుమారిగారూ, ఈసారి మీది మూడో పేజీలో వేద్దాం. ప్రూఫులు మాత్రం మీరే చూడాలి" అన్నారు కార్యదర్శి. ఒళ్ళు మండిపోయింది. సరేనన్నాను.

ప్రూఫు చదివితే ఇంకా మండింది. బాగుంది మరి. డెబ్బయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు పత్రికలు 'మిసెస్' అనే మాటను ఎలా వాడేవో రాసింది. బహుమతి పుచ్చుకున్నా, సభకు అధ్యక్షత వహించినా, కారు కింద పడినా పెళ్ళయిన ఆడదానికి సొంత పేరు ఉండేది కాదట. మిసెస్ అని వేసి, పక్కన మొగుడి పేరు వేసి ఊరుకునేవారట. ఉదాహరణకు 1954 నాటి మద్రాసు పత్రిక ముక్క ఒకటి పెట్టింది. వీణ పోటీలో మొదటి బహుమతి మిసెస్ పి. లక్ష్మీపతికి వచ్చిందని అందులో ఉంది. 'ఆ మిసెస్ లక్ష్మీపతి మా నాయనమ్మ వెంకటరత్నం' అని ముగించింది. పక్కనే నాయనమ్మ పెళ్ళి ఫొటో.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అసూయతో కూడా తిరుగుతాయి.

ఫొటో అడుగున స్టూడియోవాళ్ళు వేసిన అంకెలు పెద్దవి చేసి చూశాను. 1956. మళ్ళీ చూశాను. యాభై నాలుగులో పెళ్ళే కాని పిల్ల మిసెస్ ఎలా అయింది? ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోన్ చేసి చెప్తే సరిపోయేది. కాని విజేత మొహం నా కళ్ళతో చూడాలనిపించింది. శుక్రవారం పొద్దున్నే హల్వా డబ్బా, ప్రూఫు కాగితాలు పట్టుకుని ఘుబ్రాలో వాళ్ళింటికి వెళ్ళాను.

మామ్మగారు సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. విజేత కాఫీ తెచ్చింది.

"మామ్మగారూ, మీ పెళ్ళి యాభై ఆరులో కదండీ? మరి రెండేళ్ళ ముందే పేపర్లో మిసెస్ లక్ష్మీపతి అని ఎలా వేశారు?" అని అమాయకంగా అడిగాను.

విజేత నా చేతిలోంచి ప్రూఫు లాక్కుని చూసింది. మామ్మగారి చేతులు ఆగిపోయాయి.

"అది నేను కాదే, మా అక్క" అన్నారు మనవరాలితో. "మీ తాతగారి మొదటి భార్య. పురిట్లో పోయింది. ఏడాది తిరక్కుండా నన్నిచ్చి చేశారు."

"ఆ ముక్క నీ పెట్టెలోదే కదా నాయనమ్మా?"

"ఆయన దాచుకున్నది. చింపేద్దామని తీశాను. ఇంతలో చుట్టాలావిడెవరో చూసి, 'నీకింత వీణ వచ్చా!' అంది. ఊఁ అన్నాను. అప్పటికి నేనూ మిసెస్ లక్ష్మీపతినేగా. దాని వాయింపు వింటే నాకు చిన్నప్పట్నించీ కడుపుమంట. పోయాక కూడా ఆయన దాన్నే తలుచుకునేవారు. ఇంట్లో దాని పేరు ఎత్తనివ్వలేదు నేను. ఆఖరికి దాని బహుమతి కూడా నేనే తీసుకున్నాను."

విజేత ఏడ్చేసింది. "శేషక్కా, నా వ్యాసం తీసెయ్యండి. మొదటి పేజీలో మీదే వేసుకోండి" అంది.

నేను వచ్చిందే అందుకు. 'అయ్యో, వద్దమ్మా' అనాలి. కాఫీ కప్పు అందుకున్నాను. మామ్మగారు నా వంకే చూస్తున్నారు.

"నీకు దీని మీద ఏడుపు కదూ, అమ్మాయ్?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. "నాకు తెలుస్తుందిలే. డెబ్బయ్యేళ్ళు చేసిన పని."

సిగ్గుతో తల దించుకున్నాను. పెన్ను తీసి 'మా నాయనమ్మ వెంకటరత్నం' అన్నది కొట్టేశాను.

"మీ అక్కగారి పేరేమిటండీ?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. చివరికి "మాణిక్యాంబ" అన్నారు. "రాయి. మొదటి పేజీలోనే రాయి."

రాశాను. నా పేజీ నా చేత్తోనే విజేతకు ఇచ్చేశాను. వ్యాసం మునుపటికంటే బాగుంది. అది చూసి మళ్ళీ కడుపు మండింది, ఏం చెయ్యను.