మూడో అంతస్తుకు సామాను

తాళ్లాయనకు అరవై తొమ్మిదేళ్లు. నలభై ఏళ్ల పాటు అన్నతో కలిసి ఇళ్లు మారేవాళ్ల సామాను మోశాడు. భుజం మీద ఎప్పుడూ తాడు చుట్ట ఉండేది కాబట్టి అందరూ అలా పిలవడం మొదలుపెట్టారు. అన్నాళ్లూ ఎక్కిన మెట్లన్నీ ఇప్పుడు ఆయన రెండు మోకాళ్లలో కాపురం పెట్టాయి.

మంగళవారం వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య పొద్దున పూటే మనుషుల్ని గుర్తుపడుతున్నారు. మధ్యాహ్నం అయిందంటే నేనెవరో కూడా తెలియట్లేదు. పోయిన నెల సాయంత్రం దాకా బాగానే ఉండేవారు. చూడాలనుకుంటే ఆలస్యం చెయ్యకు నాయనా."

ఫోన్ పెట్టేశాక, ఏడుపు వస్తుందేమోనని కాసేపు కుర్చీలో కూర్చుని చూశాడు. రాలేదు. భయం కూడా వేయలేదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలులా లోపలంతా తిమ్మిరిగా ఉంది, అంతే. లేచి సంచి సర్దుకున్నాడు.

కూతురు ఫిజియోథెరపిస్టు. లోకంలో అందరి కీళ్లూ ఆమె మాట వింటాయి, ఇంట్లో ఉన్న ఒక్క జత తప్ప. తెల్లవారుజామున ఐదింటి బస్సు ఎక్కిస్తూ తండ్రికి మళ్లీ మొదటినుంచీ పాఠం చెప్పింది.

"నాన్నా, బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగడుగులు వెయ్యి. కూర్చున్నప్పుడు మోకాలి కింద ఈ చిన్న దిండు పెట్టుకో. ఏదైనా తిన్నాకే మాత్ర వేసుకో. చక్రాల సంచి లాక్కుని వెళ్లు, ఎత్తకు. ఇంకొకళ్లది అసలే ఎత్తకు. వింటున్నావా?"

"వింటున్నాను."

"ఏం చెప్పాను?"

"ఎత్తకూడదు."

బుద్ధిమంతుడిలా అన్నీ చేశాడు. నడవా పక్క సీట్లో కాళ్లు చాపుకున్నాడు. దిండు పెట్టుకున్నాడు. రెండు బ్రెడ్డు ముక్కలు తిని మాత్ర వేసుకున్నాడు. మొదటిచోట బస్సు ఆగితే దిగి, బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. అన్న గురించి ఆలోచిద్దామని ప్రయత్నించాడు గానీ, మనసు కిటికీలోంచి కనబడే కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ కూర్చుంది.

రెండోచోట వచ్చింది తంటా. బస్సు కింది అరలోంచి ఒకావిడ ఇనుప పెట్టె లాగుతోంది. సగం బయటికొచ్చి వంకరగా ఇరుక్కుపోయింది. ఆవిడ ఎవర్నీ పిలవలేదు, తాళ్లాయన వైపు చూడనైనా లేదు. క్షవరం చేసేవాడికి దారిలో కనబడ్డ ప్రతి తలా కత్తిరించాలనిపించదు. సామాను మోసేవాడికి మాత్రం, వంకరగా ఆగిన పెట్టె కనబడితే చెయ్యి ఊరుకోదు. నడుము వంగింది, అరచెయ్యి పెట్టె అడుగుకు పోయింది. తను చేస్తున్నదేమిటో తెలిసేసరికి పెట్టె నేల మీద నిటారుగా ఉంది, కుడి మోకాలు టక్కుమంది.

"అయ్యో, మిమ్మల్ని ఎవరడిగారండీ?" అంది ఆవిడ.

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు తాళ్లాయన.

మాత్ర ఇంకా పనిచేస్తున్నట్టుంది, పెద్దగా నొప్పి తెలియలేదు. మోకాలు మాత్రం కూతురు చుట్టిన పట్టీ కింద ఉబ్బుతూ పోయింది. పక్క సీటువాడి మోకాల్ని చూసినట్టు దాన్ని చూస్తూ మిగతా దారంతా కూర్చున్నాడు.

అన్న ఇంటి ముందు టాక్సీ దిగేసరికి పదకొండుంపావు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. యాభైనాలుగు మెట్లు. అన్న ఈ ఇంట్లో దిగినప్పుడు సామాను మోసింది వీళ్లిద్దరే కాబట్టి ఆ లెక్క ఆయనకు తెలుసు. మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టాడు. మోకాలు వంగనంది. ఎడమకాలితో ఎక్కి కుడికాలు లాక్కోబోతే ఒళ్లంతా పక్కకు ఒరిగిపోయింది. కమ్మీ పట్టుకుని, మెల్లగా అక్కడే చతికిలబడ్డాడు.

పైనుంచి వదిన తొంగిచూసింది. "ఇంకా తెలివిగానే ఉన్నారు. నీ కోసమే అడుగుతున్నారు. ఎక్కగలవా?"

"వస్తున్నా వదినా," అన్నాడు గానీ లేవలేదు.

కింది వాటాలో వడ్రంగి ఉంటాడు. చప్పుడు విని వచ్చి, సంగతి తెలుసుకుని, చేతుల కుర్చీ ఒకటీ పక్కింటి లారీ డ్రైవర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

"ఇందులో కూర్చోండి. ఇద్దరం కలిసి పైన దించేస్తాం."

"నన్నా?"

"మరి నన్నా?"

"వద్దు బాబూ. నేను మోసేవాణ్ణి," అన్నాడు తాళ్లాయన. ఆయన మొండితనానికి ఒక దండం పెట్టాలి. అన్న తెలివి జారిపోయే వేళ దగ్గరపడుతుంటే, మొదటి మెట్టు మీద కూర్చుని పరువు చూసుకుంటున్నాడు. అలా ఇరవై నిమిషాలు గడిచాయి.

వదిన మళ్లీ తొంగిచూసింది. ఈసారి గట్టిగా పిలవలేదు. "నాయనా, మీ అన్నయ్య ఇప్పుడే నన్ను 'అమ్మా' అన్నారు."

తాళ్లాయన కుర్చీలో కూర్చున్నాడు.

"బలమైనవాళ్లు కింద ఉండండి. పైనున్నవాళ్లు వెనక్కి నడవాలి. కుర్చీ కాస్త వెనక్కి వంచండి," అని చెప్పి నోరు మూసుకున్నాడు. ఊగినా సాయపడబోయినా మోసేవాడికే కష్టం. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని, మిగిలిన యాభైమూడు మెట్లూ కిక్కురుమనకుండా బరువుగా ఉండిపోయాడు.

కిటికీ పక్క మంచం మీద అన్న దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. గుమ్మంలో ఇద్దరు మనుషులు ఏదో మోసుకురావడం చూసి మెడ నిక్కించాడు.

"గుమ్మానికి తగులుతుంది, పక్కకు తిప్పండి. ఆఁ, ఇటు తీసుకురండి. మెల్లగా దించండి."

గొంతు ఏమీ మారలేదు. చూపు మాత్రం తమ్ముడి ముఖం మీద ఆగకుండా కుర్చీ కోళ్ల మీదికి పోయింది.

"అన్నయ్యా," అన్నాడు తాళ్లాయన.

అన్న కుర్చీ కోళ్లు నేలకు సరిగ్గా ఆనాయో లేదో చూస్తున్నాడు.

"ఎవరొచ్చారో చూడండి," అంది వదిన. అన్న తల ఎత్తలేదు.

ఆలస్యమైపోయింది అనుకున్నాడు తాళ్లాయన. ఆ మాట అనుకున్నా లోపల ఏమీ కదల్లేదు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువునైనా దించాక, ఇంటివాళ్లు చూడకముందే, దెబ్బ తగిలిందేమోనని అన్న అంతటా చేత్తో తడిమి చూసేవాడు. ఇప్పుడూ మంచం మీంచి వంగి కుర్చీ చెయ్యి తడిమాడు, అంచు తడిమాడు. అక్కడినుంచి అరచెయ్యి తమ్ముడి కుడి మోకాలి మీదికి వచ్చి, వాపు దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ తగిలింది," అన్నాడు కోపంగా. "ఎవరు మోశారు దీన్ని?"

వడ్రంగి ఏదో చెప్పబోయాడు. తాళ్లాయన చేత్తో ఆపాడు.

"నేనే అన్నయ్యా."

అన్న చెయ్యి తియ్యలేదు. చాలాసేపు ఆ వాపునే చూశాడు.

"ఒక్కడివే ఎందుకు ఎత్తావురా?" అన్నాడు చివరికి. "నన్ను పిలవొచ్చుగా."

మంగళవారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. వడ్రంగి ముందూ డ్రైవరు ముందూ, చిన్నపిల్లాడిలా, వెక్కుతూ ఏడ్చాడు తాళ్లాయన.

"పిలుద్దామనే వచ్చానన్నయ్యా," అన్నాడు.