ఆకు వేయని బుట్టలు

బక్రీద్ మాంసం ఇకమీదట నల్ల కవర్లలో పంచకూడదని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చిన రోజు, మసీదు కమిటీ పెద్ద సుగెంగ్ పంతులు కసియెం అవ్వ ఇంటికి తనే నడిచొచ్చాడు. బడిలో పాఠాలు చెప్పే మనిషి. ఒకరి గడప తొక్కడం కంటే ఒకరిని పిలిపించుకోవడమే ఆయనకు ఎక్కువ అలవాటు.

“అవ్వా, బెసెక్‌లు కావాలి, మూడొందలు. మూతలతో సహా. వెదురు బుట్టలు అల్లేవాళ్లు ఊళ్లో నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు.”

“నేను మాత్రం ఎంత మిగిలాను నాయనా. వేళ్లు వంగవు.”

“ఈసారి బాగా జరిగితే ఏటేటా నీకే. పక్క ఊళ్ల మసీదులవాళ్లు కూడా అడుగుతున్నారు.”

ఆ మాట అవ్వ కంటే ముందు కోడలు లస్త్రి చెవిన పడింది. లస్త్రి రోజూ జోగ్జా పట్నం బస్సెక్కి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పనికి పోతుంది. తొమ్మిదేళ్లుగా రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. “ఏటేటా ఇస్తామంటే ఫ్యాక్టరీ మానేసి నీతోపాటు నేనూ అల్లుకుంటానత్తా” అని ఒక్కసారే అంది. అవ్వ ఆ ఒక్క మాట పట్టుకుని రెండు నెలలు అల్లింది.

వెదురు చీల్చాలి, గీకాలి, నానబెట్టాలి, అప్పుడు అల్లాలి. ఆదివారాలు లస్త్రి కూడా పక్కన కూర్చునేది. నలభై ఏళ్ల కిందట కవరు శుభ్రం, బుట్ట మురికి అని ఊరూరా తిరిగి చెప్పింది ఈ ఆఫీసువాళ్లే. ఇప్పుడు కవరు పాపమంటున్నదీ వాళ్లే. వాళ్లు మాట మార్చినప్పుడల్లా ఎవరి నడుము విరుగుతుందో వాళ్లకేం పట్టింది? అవ్వకు అది అడిగే ఓపిక కూడా లేదు. మూడొందలూ పూర్తి చేసి ఇచ్చేసింది.

పండగ నమాజు అయింది, పశువుల కోత అయింది. మసీదు వెనక పందిట్లో మాంసం తూచి బుట్టల్లో సర్దారు. అవ్వ తన వంతు కోసం కాకపోయినా, తన బుట్టలు చేతులు మారడం చూద్దామని ముందే వచ్చి బల్ల మీద కూర్చుంది. మొదటి బుట్ట అందుకున్న ఇల్లాలు దాన్ని స్కూటరుకు తగిలించుకుని పది అడుగులు పోయిందో లేదో, కొత్త బట్టల మీద నెత్తురు కారింది.

“సుగెంగ్ పంతులూ, బుట్టలు అల్లించావా, జల్లెడలు అల్లించావా?” అని ఎవరో అరిచారు.

పందిరంతా నవ్వింది. అవ్వ లేచి వెళ్లి ఇంకో బుట్ట మూత తీసింది. మాంసం నేరుగా వెదురు మీదే ఉంది.

“ఆకు ఏది నాయనా?”

“ఏ ఆకు?”

“అడుగున అరిటాకు పరిచి కదా మాంసం పెట్టేది.”

“ముందే చెప్పొద్దా అవ్వా.” సుగెంగ్ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. తెల్లవారుజాము నుంచీ ఆయన కూర్చున్నది లేదు.

అవ్వ మూత పక్కన పెట్టింది. అన్నం వండాలంటే నీళ్లు పోయాలని ఎవరైనా విడిగా చెబుతారా?

గోడ పక్కనే అరటి చెట్లున్నాయి. కత్తి అడిగి తీసుకుని నాలుగు ఆకులు కోసుకొచ్చింది. సెగ చూపిస్తే గాని అరిటాకు మడతకు నిలవదు. అక్కడ పొయ్యీ లేదు, అంత వ్యవధీ లేదు. మూడు ఆకులు చేతిలోనే చిరిగాయి. నాలుగోది ఎలాగో బుట్టలో అమర్చి తలెత్తి చూసేసరికి, సుగెంగ్ కొట్టుకు మనిషిని పంపి నల్ల కవర్ల కట్టలు తెప్పించేశాడు. మాంసం కవర్లో, కవరు బుట్టలో. మూత పెట్టేస్తే ఏమీ కనబడదు.

ఆఫీసు నుంచి వచ్చినాయన మూతలు పెట్టిన బుట్టలకు ఫోటోలు తీసుకుని చాలా సంతోషించాడు.

“వచ్చే ఏడు మీకు ఇన్ని తిప్పలుండవు పంతులుగారూ. మట్టిలో కలిసిపోయే పచ్చ కవర్లు వస్తున్నాయి. మేమే పంపిస్తాం.”

సుగెంగ్ అవ్వ వైపు చూడకుండా తలూపాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా అవ్వకు మనసొప్పలేదు. క్యూలో నిలబడి తన వంతు తీసుకుని ఇంటికి నడిచింది.

లస్త్రి బుట్ట అందుకుని మూత తీసింది. లోపల నల్ల కవరు కనబడింది.

“కవరెందుకత్తా ఇందులో?”

“వాళ్లు ఆకు వేయలేదే.”

“ఏ ఆకు?” అంది లస్త్రి.

అవ్వ కోడలి ముఖంలోకి చూసింది. రెండు నెలల ఆదివారాలు పక్కన కూర్చుని వెదురు చీల్చిన మనిషి ఈ మాట అడుగుతోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అరుగు మీద కూలబడింది.

“మరి వచ్చే ఏడు?”

“పచ్చ కవర్లట.”

లస్త్రి కవరు విప్పి మాంసం గిన్నెలో వేసి నీళ్లు పోసింది. కడుగుతూ, తల ఎత్తకుండానే అంది.

“నెలాఖరుకు మానేస్తానని సూపర్‌వైజరుకు మొన్ననే చెప్పేశాను. రేపు పోయి ఆ మాట వెనక్కి తీసుకోవాలి.”

“ఒప్పుకుంటాడా?”

“బతిమాలితే ఒప్పుకుంటాడు” అని లస్త్రి మిరపకాయలు నూరడానికి కూర్చుంది.