పేపర్లు పరిచిన దారి

ఆర్విడ్ మోకాళ్ళ మీద కూర్చుని ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ లోంచి ఫిల్టర్ బయటికి లాగేసరికి, దాన్ని పట్టుకుని కుక్క వెంట్రుకలు ఉండలు ఉండలుగా వచ్చాయి. ఆ అట్ట ఒకప్పుడు తెల్లగా ఉండేదంటే ఎవరూ నమ్మరు.

"నెలకోసారి మార్చమన్నానా?"

"నవంబరు నించీ మార్చుదామనే అనుకుంటున్నాం," అంది ఇంటావిడ.

అతనికి అరవై ఏడేళ్ళు. పొడుగాటి మనిషి. ఉత్తర డకోటాలోని మా ఊళ్ళో నేలమాళిగల దూలాలన్నీ పొట్టివి. నలభై ఏళ్ళుగా ఫర్నేసులు బాగుచేస్తూ వాటికింద వంగి వంగి నడుం అలాగే ఉండిపోయింది. చలికి పగిలిన వేళ్ళకి టేపు చుట్టుకుంటాడు. ఏ ఇంటికెళ్ళినా గుమ్మం దగ్గరే బూట్లు విప్పుతాడు. ఊలు మేజోళ్ళ మడమల దగ్గర అడ్డదిడ్డంగా కుట్లు. భార్య మార్లిస్ పోయాక కుట్టుపని కూడా అతనిదే అయింది.

బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉంది. జేబులోని కాగితం మీద నాలుగిళ్ళున్నాయి. నాలుగోది టిల్డా గారిది. ఆవిడ పొద్దున్న ఏడింటికే ఫోన్ చేసింది.

"ఆర్విడ్ బాబూ, నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు గానీ, ఫర్నేస్‌లో మంట కాస్త పసుప్పచ్చగా ఉంది. కంగారేం లేదు. పసిపిల్లలున్న ఇళ్ళు ముందు చూసుకో."

"తలనొప్పేమైనా ఉందా అమ్మా?"

"ఉంటే మాత్రం? ఎనభై మూడేళ్ళ తల. నొప్పి పెట్టక పాటలు పాడుతుందా?"

అతను నవ్వాడు. మూడింటికల్లా వస్తానన్నాడు.

మంట నీలంగా ఉంటే బాగున్నట్టు. పసుపైతే గ్యాస్ సగమే కాలుతోందన్నమాట, వాసనైనా లేని విషం ఇంట్లోకి వస్తోందన్నమాట. మంట రంగు మారినా, ఇంట్లో ఉంటే తల నొప్పెట్టినా, వెంటనే ఆపేసి బయటికి పొమ్మని అతను ప్రతి ఫర్నేస్ మీదా చీటీ అంటిస్తాడు. టిల్డా గారి ఫర్నేస్ మీదా అంటించాడు. ఫోన్లో ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఏడింటికి, ఆ చలిలో, ఆవిడ పక్కింటి తలుపు కొట్టాలి. ఆవిడ కొట్టదు. కొట్టమని గట్టిగా అంటే నొచ్చుకుంటుంది. మా ఊళ్ళో ఎవరైనా కంగారేం లేదంటే మారుమాట్లాడటం మర్యాద కాదు. ఈ మర్యాద తగలెయ్య!

పన్నెండేళ్ళ కిందట మార్లిస్ రొమ్ములో గడ్డ కనపడినప్పుడు, ఆసుపత్రి నించి ఫోన్ వచ్చింది, రేపే ఖాళీ ఉంది రమ్మని. అందుకున్నది ఆర్విడే. "మాకంత తొందరేం లేదండీ, అవసరమున్నవాళ్ళకివ్వండి," అన్నాడు. మార్లిస్ పక్కనే నిలబడి తలూపింది. తర్వాత నెలన్నరకి గానీ డాక్టర్లు చూడలేదు. ఏప్రిల్లో ఆమె పోయింది. అతన్ని ఎవరూ ఒక్క మాటనలేదు.

మూడో ఇంట్లో పొగగొట్టం మూతిని మంచు మూసేసింది. చేత్తో తవ్వి తీశాడు. ఫర్నేస్ మళ్ళీ వెలిగింది. ఇంటాయన కాఫీ తాగమన్నాడు. వద్దన్నాడు. మళ్ళీ అడిగాడు. వద్దన్నాడు. మూడోసారీ అడిగాక ఇంక కాదనకూడదు. కూర్చున్నాడు. గోడ గడియారం చూస్తూ, ఇరవై నిమిషాలు, రెండు కప్పులు తాగాడు.

టిల్డా గారింటికి చేరేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ. తలుపు కొట్టాడు. గొళ్ళెం పెట్టి లేదు. లోపల వెచ్చగా ఉంది. గుమ్మంలోంచి కుడివైపు, నేలమాళిగ మెట్ల దాకా, పాత పేపర్లు వరసగా పరిచి ఉన్నాయి. ఈ చలిలో అతను బూట్లు విప్పక్కర్లేకుండా ఏటా అలా పరుస్తుందావిడ.

"అమ్మా, నేను, ఆర్విడ్‌ని!"

ఎడమవైపు వంటగదిలో ఎక్కడో సన్నగా కూత వినిపించింది. టిల్డా గారు బల్ల దగ్గర కుర్చీలో ఉంది. తల పక్కకి వాలింది. బుగ్గలు మంచులో ఆడొచ్చిన పిల్లబుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ విషం పీల్చినవాళ్ళకి వచ్చే ఎరుపది, అతనికి తెలుసు. పరిగెత్తి ఆవిడని ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చాడు. గుండెల మీద నొక్కాడు. ఊపిరి ఊదాడు. చేతులు పడిపోయేదాకా నొక్కాడు. తర్వాత ఫోన్ చేశాడు. బయట మీటరు దగ్గర గ్యాస్ కట్టేశాడు. కిటికీలన్నీ తెరిచాడు. కూత సొరుగులోంచి వస్తోంది. విషవాయువుని పసిగట్టి కూసే హెచ్చరిక యంత్రాన్ని ఆవిడ తుండుగుడ్డలో చుట్టి అందులో పెట్టింది. కూస్తుంటే బ్యాటరీ అయిపోయిందనుకుని ఉంటుంది. ఆ మాత్రం దానికి ఎవర్ని పిలుస్తుంది!

షెరీఫ్ ఆఫీసు నించి వచ్చిన పోలీసు డెల్మర్ ఆవిడని చూసి టోపీ తీశాడు.

"పోయి రెండు మూడు గంటలైనట్టుంది."

"నాకు ఏడింటికే చెప్పింది. పసుపు మంటని చెప్పింది," అన్నాడు ఆర్విడ్.

"కంగారు లేదని కూడా అందా?"

"అంది."

"మరింకేం. నీ తప్పేం లేదయ్యా ఆర్విడ్."

ఒక్కసారి తిడితే బాగుండునని అతను ఎదురు చూశాడు. డెల్మర్ అతని భుజం తట్టి, అంబులెన్సుకి ఎదురెళ్ళాడు. ఆర్విడ్ గుమ్మంలో కూలబడి ఏడ్చాడు, మార్లిస్ పోయినప్పుడు ఏడవనిది కూడా కలిపి.

లేచేసరికి వంటగది వైపు నేలంతా అతని బూట్ల నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. కుడివైపు పేపర్లు మాత్రం, అంచు మీద అంచు కలిపి, గాలికి లేవకుండా మూలలు టేపుతో అంటించి, ఒక్క అడుగు మచ్చ కూడా లేకుండా, మెట్ల దాకా పొడిగా ఉన్నాయి.