కంచె అవతలి గోంగూర

గోంగూరను గుర్తుపట్టడం నాకెవరూ నేర్పనక్కర్లేదు. మాది టంగుటూరు. నడక రాకముందే నోట్లో గోంగూర ముద్ద పెట్టే ఇంట్లో పుట్టాను. అలాంటిదాన్ని, సిడ్నీలో టూంగాబీ అనే పేటలో, ఒక ముసలాయన పెరడు చూసి పప్పులో కాలేశాను. నవ్వేవాళ్ళు నవ్వండి. కానీ మంచినీళ్ళు కూడా కడుపులో నిలవని వేవిళ్ళ రోజుల్లో, కంచె అవతల ఆ ఆకు గాలికి ఊగుతుంటే మీరేం చేసేవారో చెప్పి మరీ నవ్వండి.

తొంభై తొమ్మిదో సంవత్సరం మొదట్లో సంగతి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని లోకం వణికిపోతున్న కాలం. ఆ వణుకే మా ఆయనకు ఉద్యోగమిచ్చింది. యోగానంద్ పొద్దున్నే రైలెక్కి పారమట్టా ఆఫీసుకు వెళ్ళి, పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెట్టి, రాత్రికి ఇల్లు చేరేవాడు. నేను ఆ అద్దె ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. బ్రెడ్డు వాసన పడదు. పాల వాసన పడదు. పోపు పెడితే నేనే బయటికి పరుగెత్తాలి.

నాకు కావలసిందల్లా గోంగూర పచ్చడి. వేడన్నంలో కలుపుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినాలి. మా ఆయన ఇండియన్ షాపు నుంచి సీసా పచ్చడి తెచ్చాడు. నల్లగా తారులా ఉంది. "నాకు ఆకు కావాలండీ, ఆకు!" అని ఏడ్చాను. ఆకు కోస్తుంటే వేళ్ళకంటుకునే పులుపు, నూనెలో పడగానే గుప్పుమనే వాసన, పక్కన రోట్లో మిరపకాయలు నూరుతూ అమ్మ దగ్గే దగ్గు, అదంతా కావాలి నాకు. అదంతా ఆయనెక్కణ్ణుంచి తెస్తాడు పాపం?

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ చెక్కల కంచె మీదుగా చూశాను కదా, గుండె ఆగినంత పనైంది. పక్కింటి టమాటా మొక్కల వెనక, నిటారుగా, నా భుజాల ఎత్తున గోంగూర! చేతివేళ్ళు విప్పినట్టున్న ఆకు, అంచుల వెంట రంపపు పళ్ళు. పుంటికూర, తెల్లకాడ రకం. అనుమానమే లేదు.

నీళ్ళు పోస్తున్న ముసలాయన పేరు లెస్. లెస్ అంటే తక్కువ అని కదా, మనిషి మాత్రం ఆరడుగుల పైనే. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు.

"హలో! వెరీ గుడ్ ప్లాంట్!" అన్నాను.

ఆయన చేతిలోని గొట్టం జారిపోయింది. "టమాటాలు," అన్నాడు.

"నో, నో. టమాటా వెనక. మా ఊళ్ళో ఎవ్రీ హౌస్‌లో ఉంటుంది."

"ఎవ్రీ హౌస్?"

"ఎస్! చిన్నపిల్లలు కూడా తింటారు. అన్నంలో. మా అమ్మమ్మయితే ఎవ్రీ డే!"

లెస్ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత టోపీ తీసి, ఎంతో గౌరవంగా, మొక్కలు సన్నగా పొడుగైపోతున్నాయి, ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. అడిగిందే చాలని నేను విజృంభించాను. తలలు తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురవుతాయి. మొదట్లో నీళ్ళు నిలవనీయకూడదు. కింద పండిన ఆకు తీసేస్తూ ఉండాలి. ఆయన తలూపుతూ విన్నాడు. చెప్పినవన్నీ చేశాడు కూడా. వారం తిరక్కుండానే మొక్కలు కళకళలాడాయి. ఈ దేశం వచ్చాక నా మాట విని బాగుపడినవి అవే.

చేసిన సాయానికి పిడికెడు ఆకు అడగొచ్చు కదా అని, స్టీలు గిన్నె పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాను. పొట్ట మీద చెయ్యి పెట్టి, "బేబీ. వాంటింగ్ దిస్ లీఫ్," అన్నాను.

లెస్ మొహం పాలిపోయింది. "నో, లవ్. బేబీ ఉన్నప్పుడు అసలే వద్దు."

"కొంచెం! పచ్చడికి!"

ఆయన అటూఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇట్స్ పాట్, లవ్. పాట్," అన్నాడు.

పాట్ అంటే కుండీ కదా. కుండీ ఎక్కడుంది? "నో పాట్! నేలలోనే వేశారుగా, నేను చూస్తున్నాగా!" అన్నాను. ఆయన నెత్తి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా సలహాలతో పెంచుకుని, కడుపుతో ఉన్నదానికి నాలుగాకులివ్వడానికి చేతులు రాలేదా! వెంటనే శేషుకుమారక్కకు ఫోన్ చేశాను. టూంగాబీ తెలుగువాళ్ళకు ఆవిడే పెద్దదిక్కు. పండగ పూజలైనా, కొత్తగా దిగినవాళ్ళకు గిన్నెలు కావాలన్నా ఆవిడే. బిడ్డ పుడితే బారసాల తన హాల్లోనే చేస్తానని నాకు మాటిచ్చిన మనిషి.

"పక్కింట్లో ఇంత గోంగూర ఉందక్కా. కుండీ అనీ వంకాయ అనీ సాకులు చెబుతున్నాడు."

"గోంగూరా! నిజంగా? ఏ స్ట్రీట్ మీది? కార్నర్ హౌస్ పక్కనేగా?" అందావిడ. నా గొడవలో నేనుండి, అంత వివరం ఎందుకడుగుతోందో ఆలోచించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కంచె అవతలి నుంచి ఒక ఆడగొంతు పిలిచింది. లెస్ భార్య ఆలివ్. అంతకుముందు ఆమెను చూసిందే లేదు. తలకు రుమాలు, వేసవిలో ఉన్ని కోటు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది.

"లెస్ సరిగా చెప్పలేకపోయాడట. పాట్ అంటే కుండీ కాదు, అది మీ కూరా కాదమ్మా. అది గంజా."

ఆ మాట మాత్రం అర్థమైంది. మన మాటే కదా! చిన్నపిల్లలు తింటారన్నాను. మా అమ్మమ్మను రోజూ తినే మనిషిని చేశాను!

"మీ దేశం వెళ్ళిపోదామన్నాడు లెస్," అంది ఆలివ్. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. నవ్వి నవ్వి ఆమెకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మెల్లగా చెప్పింది. కడుపులో క్యాన్సర్. మందులు ఎక్కించిన దగ్గర్నుంచి ఏం తిన్నా నిలవదు. ఇది కాస్త పీల్చిన రోజున సగం టోస్ట్ తినగలుగుతుంది. చట్టం ఒప్పుకోదు కాబట్టి డాక్టరు రాసివ్వలేడు. పోలీసులకు తెలిస్తే మొక్కలు పీకేస్తారు, లెస్‌ను కోర్టుకు ఈడుస్తారు.

"సగం టోస్ట్ ఎంతో నీకు తెలుసు కదా," అంది నా పొట్ట చూస్తూ.

తెలుసు. ఆ పేటలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నా వికారం నాలుగో నెల దాటితే పోతుంది. ఆమెది పోదు.

లెస్ బయటి రేకుల షెడ్డులో వేలాడదీసిన మొదటి కట్ట తెచ్చి చూపించాడు. బూజు పట్టింది. వానల్లో తలుపులన్నీ మూసి, రేకుల వేడిలో ఉడకబెట్టాడు మహానుభావుడు. గోంగూర కాకపోతేనేం, ఆకు ఆకే. నాటు పొగాకు పండించిన ఇంటి పిల్లను నేను. మా పెదనాన్న పందిరి కింద ఎలా ఆరబెట్టేవాడో అలాగే చెప్పాను. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి, కట్టకూ కట్టకూ మధ్య చెయ్యి దూరాలి, తొందరపడకూడదు. కాడ వంచితే పుటుక్కున విరగాలి, అప్పటిదాకా ముట్టుకోకూడదు. గరాజులో దూలానికి మేకులు కొట్టుకోమన్నాను. లెస్ వేళ్ళు మడిచి మళ్ళీ నాకే అప్పజెప్పాడు.

మర్నాడు శనివారం. పొద్దున్నే కార్ల తలుపుల చప్పుడు. కిటికీలోంచి చూస్తే, లెస్ ఇంటి ముందు మనవాళ్ళు! ముందు శేషుకుమారక్క, వెనక ఇంకో అయిదారుగురు, అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. హైదరాబాద్ రహీమా కూడా ఉంది. లెస్ ఇంట్లో కర్టెన్ కదిలింది. ఆ గుంపును చూసి ఆయనేమనుకుని ఉంటాడో! ఉన్నపళంగా మొక్కలు పీకేసి తగలబెట్టేస్తాడేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి గేటుకు అడ్డం నిలబడ్డాను.

"అక్కా, అది గోంగూర కాదు. నేనే పొరబడ్డాను. ఏదో పిచ్చిమొక్క."

శేషుకుమారక్క కాలివేళ్ళ మీద లేచి కంచె పక్కగా తొంగిచూసింది. "నాకు తెలీదుటే గోంగూర? అదిగో, తోటకి తోటే ఉంది! తప్పుకో, ఓల్డ్ మ్యాన్‌ని నేను పొలైట్‌గా అడుగుతా."

నిజం చెబుదామా? చెబితే సాయంత్రానికి పక్క పేట బ్లాక్‌టౌన్ దాకా పాకుతుంది. తెలుగువాళ్ళ నోట్లో గోంగూర మాటే ఒక్క రోజు దాగలేదు, ఇక గంజాయి దాగుతుందా? ఏం చెబితే వీళ్ళు మళ్ళీ ఈ గేటు తొక్కరో ఆలోచించాను. ఒకటే తోచింది.

"గోంగూరే," అన్నాను. "కానీ అదంతా నాకే ఇస్తానన్నాడు. నాకే చాలదు. ఎవరికీ ఇవ్వను."

గోంగూర దాచుకున్న మనిషిని వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. నేనూ చూడలేదు.

"గింతంత అంబాడా కూడా ఇయ్యవా?" అంది రహీమా. వాళ్ళింట్లో గోంగూర పేరు అదే. "మా అమ్మీ విజిట్‌కి వచ్చింది. అన్నం తింటలేదు, అదే అడుగుతోంది."

గేటు గట్టిగా పట్టుకున్నాను. "ఇవ్వను," అన్నాను.

"పోనీలేవే. కడుపుతో ఉన్న పిల్లవని ఊరుకుంటున్నా," అంది శేషుకుమారక్క. కవర్లు మడిచి హ్యాండ్‌బ్యాగుల్లో పెట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత నా ఫోన్ మోగలేదు. షాపులో ఎదురుపడితే పప్పుల వైపు తిరిగిపోయేవారు. మనుషుల కోసం మొహం వాచిపోయాను. తెలుగులో తిట్టడానికైనా ఎవరైనా ఫోన్ చేస్తే బాగుండుననిపించేది.

గరాజులో ఆకు చక్కగా ఆరింది. ఆలివ్ ఆ చలికాలమంతా తింది. సగం టోస్ట్, తర్వాత ఒక గుడ్డు, ఒకరోజైతే నా చేతి పెసరట్టు. నా సీమంతానికి పిలవడానికి నాకెవరూ మిగల్లేదు. మా ఆయన గాజులు తెస్తే, ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చిన ఆలివే ఒక్కొక్కటే నా చేతికి ఎక్కించింది. ఆ తర్వాత ఎన్నాళ్ళో లేదు. నిద్రలోనే పోయింది.

అంత్యక్రియలకు క్వీన్స్‌లాండ్ నుంచి ఆమె చెల్లెలు వచ్చింది. లెస్ నా గోంగూర కథ చెబితే, ఆవిడ నాకొక మొక్క ఫొటో చూపించింది. రోజెల్లా అట. వాళ్ళ పెరట్లో పెంచి ఎర్రటి కాయ తొడిమలతో జామ్ చేస్తారట. నేను ఆ ఫొటోను పట్టుకుని వదల్లేదు. ఎర్రకాడ గోంగూర!

"మరి ఆకులు?"

"పారేస్తాం," అందావిడ. నాకు కళ్ళు తిరిగాయి. వెళ్ళాక లెస్ పేర విత్తనాలు పంపింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. లోకమేమీ మునగలేదు. మునిగింది మా ఆయన కాంట్రాక్టే. కాన్‌బెర్రాలో వేరే పని దొరికింది. గంగాలిన్ అనే కొత్త పేటలో ఇల్లు చూసుకుని సామాను సర్దుకుంటున్నాం. బయలుదేరే ముందు శనివారం, చంకలో పాపతో బయటికొచ్చి చూస్తే లెస్ ఇంటి ముందు మళ్ళీ కార్లు. ఈసారి ఆయనే పిలిచాడట. ఇండియన్ షాపులో కాగితం అంటించి వచ్చాడట. గేటు బార్లా తీసి, "టేక్, టేక్!" అంటున్నాడు. కిందటేడు మొక్కలున్న మడిలోనే గోంగూర నిండుగా ఉంది. ఆయనే పిలిచి ఇస్తాడని నేను ఇన్నాళ్ళూ కంచె మీదుగా చూస్తూ ఊరుకున్నాను. రహీమా రెండు కవర్లు నింపుకుంది. వాళ్ళమ్మ హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయి చాలా నెలలైంది.

శేషుకుమారక్క నా పాప బుగ్గ తట్టి, "చూశావా, ఎంత మంచివాడో! అడిగితే లేదనే మనిషి కాదు. కిందటేడు నువ్వే కదే అడ్డం పడ్డావు," అంది.

నోరు తెరిచాను. ఇప్పుడు చెప్పొచ్చు. మొక్కలూ లేవు, ఆలివూ లేదు. కానీ చెబితే, ఆలివ్ వీళ్ళందరికీ గంజాయి ముసలమ్మ అవుతుంది. నా చేతికి ఆమె వేసిన గాజులింకా ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

"ఏమంటోంది ఆమె?" అని లెస్ అడిగాడు.

"మీరు చాలా మంచివాళ్ళట."

"ఆలివ్‌ను వీళ్ళు చూసి ఉండాల్సింది," అన్నాడు.

అందరూ వెళ్ళేసరికి మడిలో మోళ్ళు మిగిలాయి. ఒక్క చిగురు లేదు. ఏడాదిగా కలవరించింది నేను, కవర్లు నింపుకుంది వాళ్ళు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెస్ నా మోచెయ్యి పట్టుకుని గరాజులోకి తీసుకెళ్ళాడు. ఆలివ్ కట్టలు వేలాడిన మేకుకే, తలకిందులుగా ఒక గోంగూర కట్ట వేలాడుతోంది.

"మొదటి కోత. నీ కోసం," అన్నాడు. "నీడలో, గాలి ఆడేలా, కాడ విరిగేదాకా. నువ్వు చెప్పినట్టే చేశాను."

గోంగూర పచ్చిగా వండుతారని ఆయనకెవరు చెప్పారు? కాడ వంచాను. పుటుక్కున విరిగింది.

"పర్ఫెక్ట్, లెస్," అన్నాను. ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. ఆయన పాపను ఎత్తుకున్నాడు.

గంగాలిన్‌లో కొత్తింట్లో నేను చేసిన మొదటి వంట అదే. ఎండాకును వేడినీళ్ళలో నానబెట్టి, మిరపకాయలు వేయించి నూరాను. పులుపు ఎక్కడికీ పోలేదు. మా ఆయన వద్దన్నా వినకుండా మూడుసార్లు అన్నం కలుపుకున్నాను. ఆలివ్ ఉంటే సగం టోస్ట్ మీద కొంచెం రాసి పెట్టేదాన్ని. తినేది.