ఇంటికి ఉంచుకున్న గింజలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి ప్రశాంతికి స్కూటరు దిగి నిలబడే ఓపిక కూడా లేదు. బత్తలపల్లె చుట్టుపక్కల పొద్దుటి నుంచి తొమ్మిదిమంది రైతుల వేరుశనగ చూసింది. ఆరుగురికి మీ సరుకు కుదరదని చెప్పింది.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నదే. గింజలు పొడి చేసి, మందునీళ్లలో కలిపి, ఒక చుక్క సన్నటి పట్టీ మీద వెయ్యాలి. షుగరు చూసే మిషన్ లాంటిదే చేతిలో ఉంటుంది. పట్టీలో పారే కొద్దిపాటి కరెంటును బట్టి బూజు విషం ఎంతుందో అంకె చూపిస్తుంది. పదిహేను దాటితే ఆమె పనిచేసే కంపెనీ ఆ సరుకు కొనదు. వాన ముఖం చాటేసిన ఏడు ఆ బూజు ఎక్కువ. నాలుగు నెలలు మొగులు చూసి పండించినవాడికి వద్దంటే కోపం మిషన్ మీద రాదు, దాన్ని పట్టుకున్న మనిషి మీదే వస్తుంది.

పదో ఇల్లు ఆమెదే. నాయన బయ్యన్నకు ఈ ఏడు చేతికొచ్చింది పన్నెండు మూటలు. అవి అమ్ముడుపోకపోతే ఏడాదంతా పస్తే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడ్డట్టు అవుతుందేమోనని భయపడుతూనే చుక్క వేసింది.

ఆరు.

అమ్మ ఫొటో కింద గోడకు ఆనుకుని కూలబడింది. సంతోషించడానికి కూడా బలం ఉండాలి కదా. అమ్మ పోయి ఏడాదైంది. లివరు చెడిపోయిందని చెప్పిన డాక్టరు, ఈమె తాగుతుందా అని అడిగాడు. ఆ మాటకు బయ్యన్న ఇప్పటికీ ఉడికిపోతాడు.

అంకె విని ఆయన ఆశ్చర్యపోలేదు. పది రోజులు గోనెపట్ట మీద కూర్చుని ఒక్కో గింజా ఏరానని చెప్పాడు. నల్లవి, ముడుచుకున్నవి, పుచ్చినవి ఒక్కటి కూడా మూటల్లోకి పోనివ్వలేదట.

"ఆ ఏరినవి ఏం చేసినావు నాయనా?"

"పారేస్తారా యాడన్నా? డబ్బాలో ఉండాయి. మంచివి అమ్ముకోవాల, మిగిలినవి మనం తినాల. మా నాయనా అంతే చేసినాడు."

అందులో వింతేమీ లేదు. ఆ మెట్టలో ప్రతి ఇంట్లోనూ అంతే. ఆయన అప్పటికే రెండు పళ్లేల్లో సంగటి పెట్టి, పక్కన ఆ గింజలతోనే నూరిన ఊరిబిండి వేశాడు. ప్రశాంతి ముద్ద ముట్టకుండా లేచి వెళ్లి డబ్బాలోంచి పిడికెడు గింజలు తీసింది. మిగిలిన ఒకే ఒక్క పట్టీ మీద చుక్క వేసింది. నూట నలభై రెండు.

"తినొద్దు నాయనా. వీటిలో విషముండాది. కాల్చినా, ఉడికించినా పోదు."

"ఏం కాదు పోమ్మా. మీయమ్మ ముప్పై ఏండ్లు ఇదే తినింది గదా."

ఆ మాట అని ముద్ద ఎత్తాడు. కూతురు అమ్మ ఫొటో వైపు చూస్తూ ఏడుస్తోంది. బయ్యన్న చెయ్యి నోటి దాకా వచ్చి ఆగింది. ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టాడు.

"తాగుతాదా అని అడిగినాడమ్మా ఆ డాక్టరు," అన్నాడు నెమ్మదిగా. "ఏం తింటాదని అడగనే లేదు."